తగలని చెంపదెబ్బ

ఆ చెంపదెబ్బ ఏనాడూ తగిలింది కాదు. అది గడకర్ర, బొంగరం అనే వేదిక పేర్లున్న హాస్యజంట ఆట. గడకర్ర అరచేయి బొంగరం ఎడమ చెంపకు నాలుగు వేళ్ళ దూరంలో గాలిని కోసుకుంటూ పోయేది. అదే క్షణంలో బొంగరం తన రొమ్ము దగ్గర రెండు చేతులూ చరిచేవాడు. జనం చూపు ఎగిరిన చేతి వెంట పోతుంది కనుక, చప్పుడు చెంప మీదే పుట్టిందని నమ్మేవారు. ఆ చప్పుడును అందిపుచ్చుకుని బొంగరం కుడికాలి మీద గిర్రున ఒకటిన్నర చుట్టు తిరిగి, కొట్టినవాడికి వీపు పెట్టి ఆగి, ఎదురుగా ఉన్న గోడను అడిగేవాడు: "మరి నన్ను కొట్టినవాడేడీ?" జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

గడకర్ర పగలు త్రాసులు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. ముల్లు సరిగ్గా నడిమధ్యన నిలిచేదాకా వదిలిపెట్టని మనిషి. బొంగరం పక్క వీధిలోని ప్రెస్సులో కాగితం మోసేవాడు. మధ్యాహ్నం యంత్రాలు ఆగినప్పుడు అక్కడే ఆ దెబ్బను సాధన చేశారు. తరువాత వేదికలు, టీవీ, గోడల నిండా బొమ్మలు. బొంగరం చెల్లెల్ని గడకర్ర పెళ్ళాడాడు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "సరదాకైనా సరే, మా అన్నయ్య మీద మీ చెయ్యి పడకూడదు." పడలేదు.

కాలక్రమేణా పిలుపులు తగ్గాయి. ఒక బట్టల దుకాణం ప్రారంభంలో వ్యాఖ్యాత వారిని పాతతరం గాయకులని పరిచయం చేసింది. సరిదిద్దే ఓపిక లేక ఇద్దరూ ఏదో కూనిరాగం తీసి దిగివచ్చారు.

అటువంటి స్థితిలో వారి జీవితం మీద సినిమా మొదలైంది. వారి పాత్రలను ఇద్దరు కుర్రనటులు వేస్తున్నారు. చివరి సన్నివేశంలో మాత్రం అసలు మనుషులే వచ్చి ఆ దెబ్బ ప్రదర్శించాలని దర్శకురాలి కోరిక. కుదరకపోతే అదీ కుర్రవాళ్ళే ముసలి వేషంలో చేస్తారు. ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. కిందటేడు వచ్చిన పక్షవాతం వల్ల బొంగరం ఎడమచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. కాలు, ముఖం కోలుకున్నాయి గాని చెయ్యి కోలుకోలేదు. ఆమెతో మాట్లాడినంతసేపూ దాన్ని కోటు జేబులో దాచాడు.

షూటింగు రోజున, మొదటిసారి చేతులు చరిచినప్పుడు తడిగుడ్డ నేలమీద పడ్డట్టు మెత్తని చప్పుడు వచ్చింది. దాన్ని బొంగరం శరీరం గుర్తుపట్టలేదు. ఆలస్యంగా, అర చుట్టే తిరిగాడు. ప్రేక్షకులుగా కూర్చోబెట్టినవారు చెప్పిన ప్రకారం నవ్వారు. పుట్టిన నవ్వుకూ పుట్టించిన నవ్వుకూ తేడా గడకర్రకు తెలుసు. రెండోసారి గడకర్ర తానే ఎడమచేత్తో తొడ చరిచి చూశాడు. అందరి చూపూ తొడ మీదికి పోయింది.

"శబ్దం తర్వాత కలుపుకుంటాం సార్, శ్రమపడకండి," అంది దర్శకురాలు.

"తర్వాత కలిపితే ఇప్పుడెలా తిరగాలమ్మా?" అన్నాడు బొంగరం.

ఆమె కుర్చీ చూపించింది. "కాసేపు కూర్చోండి సార్. ఈలోగా పిల్లలతో ఒకసారి చూస్తాం."

గళ్ళకోట్లు వేసుకున్న కుర్రనటులు లేచారు. బొంగరం గడకర్ర చొక్కా పట్టుకుని తెర వెనక్కి లాక్కుపోయాడు.

"బావా, కొట్టెయ్."

"ఏంటి కొట్టేది?"

"నన్నే. నిజంగా. చప్పుడొస్తే నేను తిరుగుతాను."

"మతి గానీ పోయిందా? తలకాయ జాగ్రత్తని డాక్టరు మొన్నే కదరా చెప్పాడు."

"తలకాయ మీదెవడు కొట్టమన్నాడు? చెంప మీద."

"మీ చెల్లెలికి ఏం చెప్పమంటావ్?"

"నవ్వారని చెప్పు."

బొంగరం అతని చొక్కా వదల్లేదు.

"ఇది కూడా పోతే నేనెవర్ని బావా? జేబులో చెయ్యి దాచుకు తిరిగే ముసలోణ్ణి. బతిమాలించుకోకు."

గడకర్ర వెళ్ళి ఇంకొక్క అవకాశం అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ చెంప ఎలా ఉంటుందో అతని అరచేతికి తెలియదు. ఇప్పుడు తగిలింది. వెచ్చగా, వదులుగా, పళ్ళు ఊడిన చోట గుంటపడి ఉంది. చప్పుడు పైకప్పుకు తగిలి తిరిగివచ్చింది. బొంగరం సరిగ్గా ఒకటిన్నర చుట్టు తిరిగి గోడను అడిగాడు: "మరి నన్ను కొట్టినవాడేడీ?"

నవ్వు పుట్టింది. చెప్పకముందే, ఆపమన్నా ఆగకుండా పుట్టింది.

"అద్భుతం సార్! ఇంకొక్కటి, కెమెరా దగ్గరికి తెచ్చి తీస్తాం. అదే చెంప మీద."

"బాగానే వచ్చింది కదమ్మా, చాలు," అన్న గడకర్ర గొంతు ఎవరికీ వినబడలేదు. మేకప్ అమ్మాయి బొంగరం చెంప మీది వేళ్ళ అచ్చులకు పౌడరు అద్దుతోంది. ఆమె పక్కకు తప్పుకున్నాక గడకర్ర అతని దగ్గరికి వెళ్ళాడు. బొంగరం ఎడమ కంటినుంచి నీరు కారుతోంది.

"నవ్వారా బావా?"

"అదేంట్రా, నువ్వు వినలేదూ?"

"చెవుల్లో ఒకటే గుయ్‌మంటోంది. ఇంకేం వినపడలేదు. నవ్వారా?"

"నవ్వారురా."

"ఊరికేనా, నిజంగానా?"

"లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా."

బొంగరం ముఖం విప్పారింది. కుడి సగమే విప్పారింది. "అయితే ఈసారి ఒకటింబావు చుట్టు దగ్గరే ఆగుతాను. మొహం వాళ్ళవైపుంటుంది. వినపడకపోయినా కనపడతారు కదా. కానీ, గట్టిగా కొట్టు."

ఒకటింబావు దగ్గర ఆగితే నవ్వు రాదని గడకర్రకు తెలుసు. ఆ మాట గోడను అడిగితేనే హాస్యం. జనాన్ని అడిగితే అది ఫిర్యాదు. ముప్ఫై ఏళ్ళ కిందట, ప్రెస్సులో, ఈ సంగతి కనిపెట్టినవాడు బొంగరమే.

బొంగరం అప్పటికే తన గుర్తు మీద నిలబడి చెంప అందించాడు. గడకర్ర చెయ్యెత్తాడు.