కెన్యాలో వాన ఆపమన్న ప్రార్థన

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో నా ఐదెకరాల వేరుశనగ వాన లేక వాలిపోతుంటే నేను విమానమెక్కడమేమిటని ఊరంతా అడిగింది. బి.ఇడి. హాస్టల్లో నా గదిలో ఉన్న గుమ్మఘట్ట రత్నం కెన్యాలో ఒక క్రైస్తవ బడిలో లెక్కలు చెబుతున్నాడు. అదే చదువు చదివి నేను సేద్యంలో మిగిలాను. ఆ జూలైలో వాడు ఏకంగా టికెట్టే పంపాడు.

"నువ్వు ఈడుంటే మాత్రం మబ్బొస్తాదా? పోయిరా పో" అంది నా భార్య సరోజ.

గుంతకల్లులో పొద్దున పదిన్నరకు బొంబాయి రైలు, మర్నాడు విమానం, నైరోబీ నుంచి ఎనిమిది గంటల బస్సు. వెళ్లేవాళ్లకు ఒక సలహా: కిటికీ సీటు కోసం పోట్లాడకండి, అది కారుతుంది. దారంతా వానే. పక్కసీటు ముసలావిడ ఒడిలో కోడిని పెట్టుకుని వానను తిట్టింది. వానను తిట్టే మనిషిని చూడటం నాకదే మొదలు.

మర్నాడు ఉదయం ఏడింటికి టీ, ఉడికించిన మొక్కజొన్న, ఆ తర్వాత స్టాఫ్ రూములో ప్రార్థన. పన్నెండు మంది టీచర్లు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ ఒక కోరిక చెబితే మిగతావాళ్లు ఆమెన్ అనాలి. దేవుడితో నాకు ప్రసాదం వరకే పరిచయం. అయినా అతిథిని కదా, నిలబడ్డాను.

మరుసటి రోజు పిల్లల ఆటల పోటీలు. అందుకని వరసగా అందరిదీ ఒకటే కోరిక: ప్రభువా, ఈ వాన ఆపు.

నా వంతు వచ్చింది. అనంతపురం వాడి నోట ఆ మాట ఎలా వస్తుంది? తెలుగులో అనేశాను: "సామీ, ఆపొద్దు! ఈళ్లకు వద్దంటే మాకియ్యి. సెనక్కాయ చెట్లు ఎండిపోతాండాయి."

రత్నం నసుగుతూ ఇంగ్లీషులో చెప్పాడు. బయటికి నెడతారనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ గ్రేస్ గారు నా చెయ్యి గట్టిగా నొక్కి, ప్రార్థన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించారు. ఈసారి పన్నెండు మందీ ఆ వానను నా చేనికే పంపమన్నారు. రత్నం చివర్లో తెలుగులో, "దావలో మా గుమ్మఘట్టలో గూడా రెండు చినుకులెయ్యి సామీ" అని కలిపాడు.

మర్నాడు ఎండ కాసింది. పిల్లలు పరిగెత్తారు. టీచర్లంతా వచ్చి, వాన మీ ఊరికి బయల్దేరిందని నాతో చేతులు కలిపారు. పైకి నవ్వాను గానీ, తిరుగు విమానంలో కింద మబ్బులు కనిపిస్తే ఎటు పోతున్నాయోనని రెండుసార్లు చూశాను.

బొంబాయిలో సాయంత్రం రైలెక్కి, తెల్లారి రాయచూరు దాటినప్పటి నుంచీ కిటికీకి నుదురు ఆనించి కూర్చున్నాను.

"ఏం చూస్తాండావన్నా?" అన్నాడు ఎదుటి సీటాయన.

"వానేమన్నా పడిందేమోనని."

"ఈ పక్కా? యాడనుంచి వస్తాండావప్పా నువ్వు!"

తొమ్మిదిన్నరకు గుంతకల్లులో దిగి, టెలిఫోన్ బూత్‌కు పోయి ముందు ఇంటికి చేశాను.

"యాడ వాన! గాలికి ఉన్న ఆకులు గూడా రాలినాయి" అంది సరోజ.

రైలు దిగాక చెబుతానని మాటిచ్చాను కాబట్టి కెన్యాకూ చేశాను. అక్కడ ఏడు దాటింది, ప్రార్థన వేళ. రత్నమే ఎత్తాడు.

"పడిందారా? అందరూ చేతులు పట్టుకోని నిలబడినారు."

ఎవరికీ మొహమాటపడని నేనే ఆ చేతులకు మొహమాటపడ్డాను. "పడిందిరా. చేను బాగా తడిసినాది" అన్నాను.

అవతల హల్లెలూయా అన్న కేకకు బూత్ అతను కూడా తిరిగి చూశాడు.

బయటికొచ్చాను. గార్లదిన్నె బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఆకాశంలో వెతికినా మబ్బు లేదు.

"సామీ, మాటిచ్చేసినా" అన్నాను. "ఇంక నా పరువు నీ చేతిలో ఉండాది."