గోడ మీద పదకొండు చుక్కలు

మొన్న బీపీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్ళి నా వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుంటే, ఎదురుగోడకి కొత్తగా తగిలించిన పటం ఒకటి కనబడింది. మండలంలోని ఊళ్ళన్నీ గీసి, ఏ ఊళ్ళో పిల్లలకి టీకాలు ఎంతవరకు వేశారో తెలిసేలా రంగులు పూశారు. నలభై అయిదేళ్ళు దాటాక, చర్చిలో ఆడవాళ్ళ కూటం ముగిశాక అయ్యగారి భార్య దగ్గర పలక పట్టినదాన్ని కాబట్టి, ఎక్కడ అక్షరాలు కనబడినా ఆగి కూడబలుక్కోవడం నాకు ఇప్పటికీ అలవాటు. అలా చదువుకుంటూ పోతే పొదిలి దొరికింది, దానికి కాస్త కిందగా మా ఊరు దొరికింది. ముదురు ఆకుపచ్చ రంగులో ఉంది. సంతోషపడాల్సింది పోయి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. మా ఊరికి పచ్చరంగు వెయ్యడం ఇది రెండోసారి. మొదటిసారి నేనే దగ్గరుండి వేయించాను.

అది ఎనభైల్లో, తట్టు రాకుండా వేసే సూది మా వైపుకి కొత్తగా వచ్చిన రోజుల సంగతి. తట్టంటే ఏమిటో ఈ కాలపు తల్లులకి తెలియదు గానీ మన ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒళ్ళంతా ఎర్రగా పేలి, కళ్ళు పుసులు కట్టి, దగ్గు గొంతులో దిగి, ఆ తర్వాత విరేచనాలు పట్టుకుని, బొద్దుగా ఉన్న బిడ్డ వారం తిరిగేసరికి పుల్లలా అయిపోయేది. ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్ళే మా పాలెంలో కూడా గుమ్మానికి వేపమండలు కట్టి, అమ్మవారన్న మాట గొంతు తగ్గించి అనుకునేవాళ్ళు.

నేను అప్పుడు మా ఊరి ఉపకేంద్రంలో ఆయాని. మా ఆయన పోయాక కూలికి పోతున్న నన్ను పిలిచి ఆ పని ఇప్పించింది మా నర్సు. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళు. మందులున్న ఐసు పెట్టె భుజాన వేసుకుని ఆమె వెనక ఇల్లిల్లూ తిరగడం, ఏడ్చే పిల్లల కాళ్ళు పట్టుకోవడం నా పని. సూది వేశాక ఆమె రిజిస్టరులో రాసుకునేది. నాకు రాతరాదు కాబట్టి ఇంటికి వచ్చి బొగ్గుముక్కతో మా వంటింటి గోడ మీద గీసుకునేదాన్ని. పాలెంలో ఇల్లు ఎక్కడుంటే గోడ మీద అక్కడే ఒక గడి, గడిలో బిడ్డకొక చుక్క, సూదులన్నీ పడ్డాక ఆ చుక్క మీద అడ్డగీత. ఎవరైనా వస్తే నవ్వుతారని ఆ గోడకి చాట ఆనించి పెట్టేదాన్ని.

మావి మెట్టపొలాలు. ఫిబ్రవరి వచ్చేసరికి పనులుండేవి కావు. గుంటూరు వైపు నల్లరేగడి ఊళ్ళలో మిరపకోతలు మొదలవగానే మేస్త్రి లారీ తెచ్చేవాడు. చంటిపిల్లలతో సహా పాలెంలో సగం ఖాళీ అయ్యేది. ఆ ఏడు మా చెల్లెలూ మరిదీ కూడా వెళ్ళారు. లారీ ఎక్కబోతూ మా చెల్లెలు, చంకలో పిల్లని సర్దుకుంటూ, "అక్కా, దీనికి పై నెల్లో తొమ్మిది పడతయ్యి గదా, తట్టు సూదో?" అని అడిగింది. "ఈస్టరుకి వస్తారుగా, అప్పుడు వేయిద్దాంలే" అన్నాను. లారీ వెళ్ళాక గోడ ముందు కూర్చుని చూసుకుంటే, అడ్డగీత లేకుండా వెళ్ళిపోయిన చుక్కలు పదకొండు. అందులో ఒకటి మా చెల్లెలి కూతురు.

వాళ్ళు వెళ్ళిన పది పదిహేను రోజులకి ఒంగోలు నుంచి లెక్కల బాబు ఒకాయన వచ్చాడు. జిల్లా మొత్తంలో ముప్పై ఊళ్ళకి చీటీలు తీస్తే మాదీ వచ్చిందట. ఊరికి ఏడుగురు పిల్లల్ని చూస్తే చాలట. సూదులు పడని పిల్లలు ఎక్కువున్న ఊళ్ళకి ఎర్రరంగు వేసి, ముందుగా అక్కడికే జీపులో మందు పంపుతారని సిస్టరమ్మకి చెప్పాడు. ఆ మాట నాకూ వినబడింది. కానీ నా చెవికి ఎర్రరంగు అన్నదొక్కటే ఎక్కింది, జీపు ఎక్కలేదు. అంతకు ముందు మీటింగులో పై అధికారి తిడితే సిస్టరమ్మ ఎర్రబడ్డ కళ్ళతో తిరిగి రావడం నేను చూసి ఉన్నాను.

ఆ బాబు నాలుగుదారుల దగ్గర గొంతుక్కూర్చుని పెన్ను నేల మీద పెట్టి గిర్రున తిప్పాడు. అది ఎటు చూపిస్తే అటు మొదలుపెట్టాలట. అరుగు మీది ముసలాయన ఒకడు, "ఏందయ్యా, పెన్నుతో సోది జెప్తావా? మా కోడలికి మొగపిల్లాడు పుడతాడేమో చూడు!" అంటే అందరూ నవ్వారు. పెన్ను మాత్రం తిన్నగా పాలెం వైపు చూపించింది.

పాలెంలో వరసగా తలుపులకి తాళాలు, తాళం లేనిచోట కొబ్బరితాళ్ళు. ఆయన నిలబడి, "ఏమ్మా, వీళ్ళంతా ఎక్కడ? ఈ ఇళ్ళలో చిన్నపిల్లలు ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు. గోడ మీది గడులన్నీ నా కళ్ళ ముందు ఉన్నాయి. చెప్తే మా ఊరు ఎర్రబడుతుంది, సిస్టరమ్మకి మాటొస్తుంది. పైగా నాకు తెలుసంటే, రాతరానిదానివి నీకెలా తెలుసని అడిగితే ఆ బొగ్గుగీతలు చూపించాలి. "కోతకు పోయారు బాబూ. తలుపు తీసున్న ఇళ్ళకి పోదాం రండి" అన్నాను. ఆయన ఎండ వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏదో గీసుకుని నా వెనక నడిచాడు.

తలుపులు తీసున్నవి రైతుల వీధిలోనే. ఒకావిడ మనవణ్ణి ఎత్తుకొచ్చి, "మా వాడికి అన్నీ పడ్డయ్యి నాయనా, సూది పడ్డప్పుడల్లా ఊరెగరగొట్టాడు, కావాలంటే రెండుసార్లు రాసుకో" అంది. చూసిన ఏడుగురికీ సూదులన్నీ పడి ఉన్నాయి. మీ ఊరు బాగుందమ్మా అని ఆయన అంటే నేను మురిసిపోయాను. ఆ తర్వాత మందు కోసం పొదిలి వెళ్ళినప్పుడు ఆఫీసు గోడ మీద పటంలో మా ఊరేదని అడిగితే గుమాస్తా చూపించాడు. పచ్చపెన్సిలుతో నింపి ఉంది.

ముప్పై ఊళ్ళ పిల్లల్నీ కలిపి చూస్తేనే జిల్లా సంగతి తెలుస్తుందనీ, ఏడుగురిని చూసి ఒక ఊరి సంగతి చెప్పకూడదనీ, అలా విడివిడిగా రంగులు పూసింది ఎవరో గానీ తప్పు చేశారనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. కోత చేల గట్ల మీద గుడిసెల్లో ఉన్నవాళ్ళని అక్కడ సూదులు వేసేవాళ్ళు తమ ఊరివాళ్ళు కాదని వదిలేశారనీ విన్నాను. రంగులు పూసినవాళ్ళ తప్పు వాళ్ళది, సూదులు వెయ్యనివాళ్ళ తప్పు వాళ్ళది. తాళాల ముందు నిలబడి ఎంతమందని అడిగినప్పుడు లెక్క చెప్పనిదాన్ని నేను.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు కోతవాళ్ళు తిరిగి వచ్చారు. ఆ వారంలోనే జీపు వచ్చింది. మా చెల్లెలు పిల్లకి తలంటి, కొత్త గౌను తొడిగి రోడ్డు పక్కన నిలబడింది. జీపు దుమ్ము లేపుకుంటూ మమ్మల్ని దాటి పక్క ఊరికి వెళ్ళిపోయింది. అది ఎర్ర ఊరు. సిస్టరమ్మ మందు కావాలని పొదిలికి మనిషిని పంపితే, మీది పచ్చగా ఉందిగా, వచ్చే నెల చూద్దామని కబురొచ్చింది.

వచ్చే నెల దాకా తట్టు ఆగలేదు. ఈస్టరు వెళ్ళిన వారానికి ఒకింట్లో మొదలై పాలెమంతా పాకింది. గోడ మీది పదకొండు చుక్కల్లో నాలుగు పోయాయి. మా చెల్లెలి కూతురు మూడోది. ఆ కొత్త గౌనుతోనే మట్టిలో పెట్టాం.

మా చెల్లెలు నన్ను ఏమీ అనలేదు. అనడానికి తనకి ఏమీ తెలియదు. ఒక్కటే అడిగింది, "జీపు మన దగ్గర ఎందుకు ఆగలేదక్కా?" అని. మందు అయిపోయిందంట అన్నాను. తను కూడా పోయి ఆరేళ్ళవుతోంది, నేను వేరే మాట చెప్పలేదు.

మొన్న ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సుపిల్లని, కోతకు పోయినవాళ్ళ పిల్లలు ఆ పటంలో ఉన్నారా అని అడిగాను. "వలసోళ్ళకి వేరే లిస్టుంది పెద్దమ్మా, ఫోన్లో కొడితే ఎక్కడున్నా దొరుకుతారు" అంది. ఎంత మారిందో కదా. ఐసు పెట్టె మోసే భుజాల బదులు బళ్ళు వచ్చాయి, లారీల బదులు ఆటోలు వచ్చాయి. తట్టుతో పోయిన బిడ్డని ఆ పిల్ల కంటితో చూసి ఉండదు, చూడకూడదు కూడా. ఫిబ్రవరిలో మా పాలెంలో తాళాలు మాత్రం ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి. వాటి ముందు ఆగి ఎంతమందని అడిగితే, పక్కనున్న మనిషి నిజం చెప్పాలి గదా.

బొగ్గుగోడ ఎప్పుడో పడగొట్టి సిమెంటు గోడ కట్టాం. ఎంతమంది ఉంటారమ్మా అని ఆ బాబు అడిగిన మాటకి జవాబు మాత్రం నేను పలక పట్టిన రోజు నుంచీ నా వేళ్ళలోనే ఉంది. పదకొండు. ఇప్పుడు అంకెల్లోనూ రాయగలను, అక్షరాల్లోనూ రాయగలను.