మైకు దొరకనివాళ్ళు

శాలేమురాజు గారు బాపట్లలో ఒక కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ గ్రూపులో చేరేది ఇంకెక్కడా సీటు దొరకనివాళ్ళే గనుక, దేవుణ్ణి నమ్మడానికి ఆధారం లేదని ఆయన ఎంత గట్టిగా నిరూపించినా జిల్లాలో శాంతిభద్రతలకు భంగం కలగలేదు. తానేమో చెరుకుపల్లి లూథరన్ చర్చి ఉపదేశి గారబ్బాయి. బైబిలు కంఠతా వచ్చు. నమ్మకం ఒక్కటే తక్కువ.

రేపల్లెలో ఆ దంపతులు వెళ్ళే చర్చిలో, ప్రార్థనతో జబ్బు నయమైనవాళ్ళు మైకు పుచ్చుకుని సాక్ష్యం చెబుతారు. ఆ ఆదివారాల్లో భోజనం దగ్గర ఆయన ఎదురు వాదన వినిపించేవారు.

"నయమైనవాళ్ళు చెప్పారు, సరే. ప్రార్థన చేసీ పోయినవాళ్ళకి మైకెవరిస్తారు సుజనా?"

"ముందు పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి," అనేది భార్య.

ఆవిడ సండే స్కూలు టీచరు. ఆ వాదనలకు ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అలాగని ఆయన అనుకున్నారు.

పోయిన వేసవిలో తెనాలి ఆసుపత్రిలో ఆవిడకు కాలేయం క్యాన్సరని తేల్చారు. స్త్రీల సమాజం వాళ్ళు ఆటో కట్టించుకొచ్చి, మంచం చుట్టూ చేరి ప్రార్థించారు. "లేచొచ్చి సాక్ష్యం చెప్పాలక్కా!" అని వెళ్ళారు. వాళ్ళు అటు మెట్లు దిగగానే సుజన ఇటు తిరిగింది.

"పక్క మంచం శివపార్వతి గారూ మొక్కుకున్నారండీ. నిన్న పోయారు. ఆవిడకి మైకెవరిస్తారు?"

తన పాఠం శ్రద్ధగా విన్న విద్యార్థి ఉద్యోగమంతటికీ ఒక్కరేననీ, ఆ ఒక్కరూ గరిటె పట్టుకుని విన్నారనీ శాలేమురాజు గారికి అప్పుడు తెలిసింది.

ఆ పూటే దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. క్లాసులో తాను కొట్టేసిన వాదనలన్నీ దుమ్ము దులిపి తెచ్చారు.

"ఇంత లోకం దానంతటదే వచ్చిందంటావా?"

"మరి ఆయనెక్కణ్ణుంచి వచ్చాడని మీరేగా అడిగేవారు?"

"ఈ బాధలో మనకు తెలియని మేలేదో ఉండొచ్చు కదా."

"తెలియనిది మేలని ఎలా తెలిసిందండీ?"

చివరికి మోకాళ్ళూని, తండ్రి గారి బాణీలో ప్రార్థించారు. నర్సు కూడా కళ్ళొత్తుకుని ఆమేన్ అంది. సుజన మాత్రం కళ్ళు తెరిచే ఉంచింది.

"బాగా చేశారండీ. మీరు నమ్మి చేసుంటే ఇంకా బావుండేది." ఆయన చెయ్యి పట్టుకుని, "భయమేస్తోందండీ. ఇదివరకు వేసేది కాదు," అంది.

అవే ఆవిడ ఆఖరి మాటలు.

రేపల్లె చర్చిలో సుజన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారు మైకు ఆయన చేతికిచ్చారు. "చివరి ఘడియల్లో అమ్మగారి విశ్వాసం గురించి రెండు మాటలు చెప్పండి సార్."

పోయినవాళ్ళ తరఫు మైకు మొత్తానికి ఒకరికి దొరికింది. ముందు వరసలో సండే స్కూలు పిల్లలున్నారు. వాళ్ళ వెనక సుజన చెల్లెలు బ్లెస్సీ.

"భయపడలేదు," అన్నారు శాలేమురాజు గారు. "పాట పాడుకుంటూ వెళ్ళింది."

"స్తోత్రం!" అంది సంఘం.

"ఏ పాట బావగారూ?" అంది బ్లెస్సీ, వెక్కుతూ.

సుజన పిల్లలకు నేర్పేదొకటి చెప్పారు. అందరూ లేచి పల్లవి అందుకున్నారు. చరణాలన్నీ వచ్చింది ఆయనొక్కరికే. చివరిదాకా ఆయనే పాడాల్సి వచ్చింది.