పూడికమట్టిలో వచ్చిన తాబేలు

తెలంగాణ వచ్చిన కొత్తలో, మక్తల్ దగ్గరి మా ఊరి చెరువులో పూడిక తీశారు. ఎండాకాలం కావడంతో చెరువు అడుగంటింది. ఆ నల్లమట్టిని రైతులు ట్రాక్టర్లతో తమ ఎర్రమట్టి చెలకలకు తోలుకున్నారు. ఎవరికెన్ని ట్రిప్పులు వస్తాయో లెక్క కట్టేది నేనే. చదివింది తక్కువే గానీ పొడవు, వెడల్పు, లోతు చూసి మట్టి ఎంతో చెప్పగలను. ఊళ్లో నా లెక్కను నమ్ముతారు.

మా చెలకలో మొదటి ట్రిప్పు పోసినప్పుడు ఒక మట్టిపెళ్ల కదిలింది. పారతో కొట్టబోయి ఆగాను. తాబేలు! తలా కాళ్లూ లోపలికి ముడుచుకుని ఉంది. జేసీబీ పన్ను తగిలిందేమో, చిప్ప అంచు చిట్లింది. దాహంతో ఉందనుకుని ఇంటికి తెచ్చి నీళ్ల గోలెంలో వేశాను. అది ఆగకుండా గోడ గీకుతూనే ఉంది.

చేనుకు పోయిన నా భార్య వచ్చి చూసింది. ఆమె తల్లిగారిల్లు చెరువుకట్ట కిందే.

"నీ తెలివి సల్లగుండ! గిప్పుడు దానికి నీళ్లెందుకయ్యా? ఎండకాలమంత బురదల పండుకుంటది, వాన పడ్డంక లేస్తది."

"గట్లయితే చెరువుల ఇంకెన్ని పండుకున్నయో?"

"లెక్కలు జేసెటోనివి నువ్వే గదా, చెప్పు."

అప్పటికే సగం చెరువు తవ్వేశారు. జేసీబీ కింద నలిగినవెన్నో, చేన్లలో ఎండకు మాడినవెన్నో. నా చిన్నప్పుడు తొలకరికి తాబేళ్లు బాట దాటుతుంటే మా బాపు బండి ఆపేవాడు. నేను మాత్రం చాలా ఏండ్లుగా వాటి కోసం ఆగింది లేదు. సముద్రపు తాబేళ్లు వలల్లో చిక్కి చస్తున్నాయని ఫోనులో చూసి అయ్యో అనుకునేవాణ్ణి. మన దగ్గరివి మన పారల కిందే పోతున్నాయని తోచలేదు.

సాయంత్రం దాన్ని తీసుకుపోయి, తూము పక్కన ఇంకా తడి ఉన్న మూలలో గుంత తీసి పెట్టాం. పైన మెత్తగా బురద కప్పాం. మర్నాడు తవ్వాల్సింది ఆ మూలనే.

పొద్దున్నే పోయి, తాబేలు సంగతి చెప్పి, ఆ మూల వదిలేయమని రైతులను అడిగాను.

"ఏందిరా, తాబేలుకు పట్టా చేయిస్తవా?" అన్నాడు మా పక్క చెలక పెద్దాయన.

"చేయిస్త. పాసుబుక్కు నువ్వు ఇప్పియ్యి కాకా."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "మంచి మట్టంత గా మూలనే ఉన్నది. మా చెలకలు ఏం గావాలె?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా ఎర్రనేలల్లో కంది నిలవాలంటే ఆ మట్టి పడాలి. మూలంతా ఒకసారి నడిచి లెక్క వేశాను. నాకు రావాల్సిన ట్రిప్పులకు అది దాదాపు సరిపోతుంది.

"నా వంతు మట్టి మీరు తోలుకోండ్రి. గీ మూల నాకు ఇడిసిపెట్టుండ్రి."

పెద్దాయన డ్రైవరుతో "గీ మూల ఇడిసిపెట్టి బండి గటు తిప్పు తమ్మీ" అన్నాడు.

ఆ ఏడు మా కంది పక్క చెలకల కంటే పొట్టిగానే పెరిగింది. వానలకు చెరువు నిండాక ఒకనాడు తూము దగ్గర నీళ్ల మీద చిన్న ముక్కు తేలి, మునిగింది. మేం కప్పిపెట్టినదో, మరొకటో తెలియదు. నా భార్యను పిలిచాను. మళ్లీ తేలేదాకా ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం.