పక్కింటి అత్త విప్పిన కుట్లు

వాట్‌గంజ్‌లో మా పుట్టింటి పక్క గదిలో ఉండే అత్త పోయిందని పోయిన నెల అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను భవానీపూర్‌లో ఆఫీసు మెట్లెక్కుతున్నాను. నిజం చెప్పొద్దూ, ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. నేను కుట్టిన సంచి గుడ్డ ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. అదెలా ఉందో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

పిలవడానికి అత్తే గానీ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ బెంగాలీ ఊళ్ళో రోడ్లూడ్చి రిటైరైన మనిషి. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని పాత నూలు చీరలతో బొంతలు కుట్టేది. మిగిలిన ముక్కలతో పిల్లలకి పెన్నుల సంచులు. నేను బడికెళ్ళినన్నాళ్ళూ అలాంటి సంచే పట్టుకెళ్ళాను. మూడు పొరల మెత్తటి బట్ట, దాని మీద చీమల బారులా దగ్గర దగ్గరగా కుట్టు, లోపల పెన్నులకొక అర, స్కేలుకొక అర.

మా అమ్మాయి నెలకొక ప్లాస్టిక్ పెన్నుల డబ్బా విరగ్గొడుతుంటే ఒక సంచి కుట్టిపెట్టమని అత్తనే అడిగాను. "నా కళ్ళు ఆనడం లేదమ్మీ. నువ్వే కుట్టు, నాను సూత్తాను" అంది. ఆ చూడ్డం ఏపాటిదో నాకప్పుడు తెలియదు.

ఆదివారాలు వెళ్ళేదాన్ని. మొదటిసారి స్కేలు పెట్టి కొలుచుకుని, మూడు పొరలూ ఆ కొలతకే కత్తిరించి, అప్పుడు బొంత కుట్టు మొదలెట్టాను. కుట్టేకొద్దీ బట్ట దగ్గరికి లాక్కుంటుందని నాకేం తెలుసు? జిప్పు కూడా వేశాక చూస్తే స్కేలు పట్టలేదు.

"అత్తా, నేను కత్తిరిస్తున్నప్పుడు చూస్తూనే కూర్చున్నావు కదా. ముందు కుట్టి, తర్వాత కత్తిరించాలని ఒక్క ముక్క చెప్పలేవా?"

"సెప్తే నీ సేతికి ఏటి తెలుస్తాది?" అంది తాపీగా. "ఇప్పీ. ఈ ముక్కలు లోపల అరలకి పనికొస్తాయి. పెద్ద గుడ్డ తీసుకుని అబార్ కుట్టు."

మళ్ళీ అనడానికి ఆవిడ నోట ఎప్పుడూ ఆ బెంగాలీ మాటే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండోసారి కుట్లు మరీ పొడుగ్గా పడ్డాయంది. మూడోసారి దారం బిగలాగానంది. ఒక వరసో రెండు వరసలో కాదు, ప్రతిసారీ మొత్తం విప్పాల్సిందే. విప్పిన దారం పారేయనిచ్చేది కాదు, అట్టముక్కకి చుట్టించేది. ఆవిడకి సూదిలో దారం ఎక్కించి పెట్టేదాన్ని నేనే. ఎంత వెలుతురులో కూర్చోబెట్టినా సూది బెజ్జం కనపడేది కాదు. నా కుట్టులో వంకర మాత్రం వేలితో తడిమి పట్టేసేది. ఆఫీసులో పదిమంది నా మాట వింటారు. ఇక్కడ నలభై ఏళ్ళదాన్ని, ఆవిడ ఒక్కసారి బాగుందంటే చాలని ఆదివారాలన్నీ ధారపోశాను.

నాలుగో గుడ్డ పట్టుకెళ్ళేసరికి ఆవిడకి జ్వరం. కత్తిరించి జిప్పు వేసే ముందు ఒకసారి చూపిద్దామని వెళ్ళాను.

"పోనీ, తడిమి చూసి చెప్పు" అన్నాను.

"ఉంచీ. రేపు సూత్తాన్లే."

"నువ్వెప్పుడూ ఇంతే" అనేసి విసురుగా చెప్పులేసుకుని వచ్చేశాను. ఆవిడతో నేనన్న ఆఖరి మాట అదే. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కార్యం అయ్యాక అత్త కూతురు ఆ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. సగం కుట్లు విప్పేసి ఉన్నాయి. జ్వరంలో కూడా ఊరుకోలేదన్నమాట. చావింట్లో నిలబడి ఆవిడ మీద పళ్ళు నూరుకున్నాను. ఇంటికి తెచ్చి బీరువాలో పడేశాను.

నిన్న అమ్మాయి డబ్బా మళ్ళీ విరిగింది. మిగతా సగం కూడా విప్పి పారేద్దామని కత్తెర పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. గుడ్డని వెలుతురుకి పట్టుకుంటే, విప్పిన చోట పాత సూది బెజ్జాలు కనిపించాయి. అన్నీ వంకర. విప్పని వరసలు మాత్రం తిన్నగా ఉన్నాయి. ఓపిక లేక ఆపేసిందేమో అనుకున్నాను. కాదు, వంకర మొదలైన చోట దారం ఊడిపోకుండా ముడి వేసి మరీ ఆపింది. నా కుట్టు సగమైనా ఉంచడం అదే మొదటిసారి. ఆ ముక్క నోటితో అంటే ఏం పోయేదో!

ముడి పక్కనే సూది గుచ్చి ఉంది. దానికి దారం ఎక్కించి ఉంది. ఎవరు ఎక్కించారని ఆవిడ కూతురికి ఫోన్ చేసి అడిగాను.

"నాను కాదు వొదినా. ఆ గుడ్డ మాయమ్మ ఎవుల్నీ ముట్టనియ్యలేదు" అంది.

కత్తెర పక్కన పెట్టేశాను. సూది అక్కడే ఉంది, నేను మళ్ళీ మొదలెట్టాల్సిన చోట.