నారింజ రంగు పీలిక

కొత్త మేనేజరు చూపు అక్క భుజం మీద ఆగగానే నాకు భయం పట్టుకుంది. రాజమండ్రి బట్టల షాపులో నాకు పని నేర్పింది ఆవిడే; షాపులో అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. యూనిఫాం చీరకు ఎప్పుడూ ఒక నారింజ రంగు పీలిక పిన్నుతో పెట్టుకునేది. చీర మడిచినప్పుడల్లా దాన్ని తడిమి చూసుకునేది.

“యూనిఫాం మీద ఇదేంటండి? తీసెయ్యండి. లేకపోతే రేపట్నుంచి రావద్దు.”

“మా తమ్ముడి లైఫ్‌జాకెట్ ముక్కండి. ‘గోదారోళ్లకి జాకెట్టేంటే’ అని నవ్వి, పడవలో విప్పేశాడండి. పడవ మునిగాక ఇదే దొరికింది. నేను తియ్యలేనండి.”

పేరు బిళ్ల మాత్రం తీసి, కౌంటరు మీద పెట్టి అక్క వెళ్లిపోయింది.

ఇప్పుడు నా పిల్లలు పంటు పడవ మీద గోదావరి దాటి బడికి వెళతారు. జాకెట్ వేసుకుంటే అందరూ నవ్వుతున్నారని నిన్న పాప అంది. రాత్రంతా అక్కే గుర్తొచ్చింది. పొద్దున్నే రేవులో ఇద్దరికీ జాకెట్ తాళ్లు బిగించి చెప్పాను:

“నవ్వితే నవ్వనీండమ్మా. అవతలి ఒడ్డు దిగేదాకా విప్పకండి.”