పైపళ్ళు ముందొచ్చిన సైడర్

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. కారణం సులువే, నాకు రాయడం రాదు. మిల్లులో ఉన్నంత కాలం జీతానికి వేలిముద్రే వేశాను. రిటైరయ్యాక చర్చి వెనుక గదిలో సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దాను.

ఎనభైల చివరలో నాచారంలో ఒక నూలు మిల్లులో చేరాను. చెంగిచెర్ల నుంచి నన్ను తెచ్చి పనిలో పెట్టించింది మా మేనమామ ఎల్లయ్య. ఆయన అక్కడ మేస్త్రీ. మిల్లు పద్ధతి ప్రకారం కొత్తవాళ్ళు ముందు నూలు వడికే ఫ్రేముల కింద పత్తి తుక్కు ఊడవాలి. తర్వాత నూలు నిండిన బాబిన్లు తీయాలి. ఆపైనే సైడర్ పని, అంటే ఫ్రేం తిరుగుతుండగానే తెగిన పోగులు అతకడం. మా మామకు తొందరెక్కువ. ఒక సైడర్ రాలేదని, మొదటి రోజే నన్ను ఫ్రేం ముందు నిలబెట్టాడు.

నేను ఒక పోగు అతికేలోపు పక్కన మరొకటి తెగేది. అప్పుడే మేనేజర్ వచ్చాడు. ఈ ఫ్రేం ఆగితే మేస్త్రీ పని ఊడుతుందని, మళ్ళీ పత్తి బేళ్ళు మోయాల్సిందేనని మామకు తేల్చి చెప్పాడు. తర్వాత నన్ను చూసి నవ్వి, సూపర్వైజర్ సుగుణక్కతో ఇంగ్లీషులో ఏదో అని వెళ్ళిపోయాడు.

“ఏమన్నడక్కా? తీసేసిండా?”

“తీసేసుడు కాదే. ‘కటింగ్ హర్ టీత్’ అన్నడు. చంటిపిల్లకు పండ్లొస్తయి సూడు, గట్ల నువ్వు గీడ పని మొదలువెట్టి నేర్సుకుంటున్నవని.”

పక్క ఫ్రేం బాలమణి ఊరుకుంటుందా? “గట్లయితే పిల్లకు పైపండ్లే ముందొచ్చినయి! ఊడ్వకముందే ఫ్రేమెక్కె. ఎల్లన్నా, మేనమామవు, జర పైలం!”

చంటిపిల్లకు కిందిపళ్ళ కంటే పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మా దిక్కు నమ్మకం. ఆడవాళ్ళంతా నవ్వారు. మామ నవ్వలేదు.

ఆ షిఫ్టులో ఫ్రేం ఆగలేదు. నన్ను తిడుతూనే నా పోగులు కూడా బాలమణే అతికింది. సాయంత్రం మామా నేనూ ఉప్పల్ దాకా బస్సులో వచ్చాం. దిగేటప్పుడు ఆయన, “దీనికి విరుగుడేమన్న ఉంటదా పిల్లా?” అని మెల్లగా అడిగాడు.

పనికి ఒక వరస ఉంటుంది. దాన్ని తప్పిస్తే గండం నేర్చుకునేవాళ్ళకు కాదు, తప్పించినవాళ్ళకు. ఆ రోజు నాకు తెలిసింది ఇదే.

మరునాడు పొద్దున, ముందురోజు రాని సైడర్ వచ్చింది. నేను సుగుణక్కనడిగి చీపురు తీసుకుని, బాలమణి ఫ్రేం కిందికి దూరాను.

“ఏం జేస్తున్నవే?” అన్నాడు మామ.

“కిందిపండ్లు మామా,” అన్నాను.